ఔరేపల్లిలో లెక్కలు అడగడం

డెవలప్‌మెంట్ స్టడీస్ చదివే విద్యార్థికి, అతను బ్రైటన్‌లో ఉన్నా బోస్టన్‌లో ఉన్నా, పేదల రిస్కు గురించిన పాఠంలో ఔరేపల్లి పేరు తగిలే అవకాశం ఎక్కువ. ఆ ఊరు మన రంగారెడ్డి జిల్లా మాడ్గుల మండలంలో ఉంది. ఎం.ఏ. విద్యార్థులతో మేం వెళ్లింది ఊరు చూడటానికి కాదు, ఇంటింటి రాబడి, ఖర్చుల లెక్క ఎలా అడగాలో నేర్చుకోవడానికి.

హైదరాబాద్‌కు దక్షిణంగా దాదాపు 70 కిలోమీటర్లు. తుక్కుగూడ దగ్గర శ్రీశైలం రోడ్డు పట్టి, కడ్తాల్ మీదుగా ఆమనగల్లు చేరి, ఎడమకు మాడ్గుల వైపు తిరగాలి. దారంతా ఎర్ర చెలకలే. ఒకప్పుడు ఆముదం, జొన్న పండిన నేలలో ఇప్పుడు ఎక్కువగా పత్తి.

మెట్ట పంటల మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాట్ 1975లో ఇక్కడ గ్రామస్థాయి అధ్యయనం మొదలుపెట్టింది. ఔరేపల్లితో పాటు పాలమూరులో దోకూరు, మహారాష్ట్రలో మరో నాలుగు ఊళ్లు. ఊరికి 40 కుటుంబాలు: భూమిలేని కూలీలవి 10, చిన్న, మధ్య, పెద్ద రైతులవి పదేసి. పరిశోధకుడు ఊళ్లోనే కాపురముండి, మూడు నాలుగు వారాలకోసారి అదే ఇంటికి వెళ్లి అడిగేవాడు. ఈ లెక్కలతోనే ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో, ఒక ఇంటి తిండీతిప్పల ఖర్చు ఆ ఇంటి ఆదాయం కంటే ఊరి సగటు ఖర్చుతోనే ఎక్కువగా కలిసి నడుస్తుందని చూపాడు. రిస్కును ఊరు పూర్తిగా కాకపోయినా చాలావరకు పంచుకుంటోందన్నమాట. ఖర్చును సరిగ్గా కొలిచారా అన్న విమర్శ తర్వాత వచ్చింది. ఆ విమర్శలోని బలం తరగతిలో కంటే అరుగు మీద కూర్చుని అడిగినప్పుడే బాగా తెలుస్తుంది.

అన్నిటికంటే ఎక్కువగా తప్పు పోయేది వడ్డీ దగ్గర. "నూటికి రెండు" అంటే నెలకు నూరు రూపాయలకు రెండు రూపాయలు, ఏడాదికి 24 శాతం. నగరంలో పెరిగిన విద్యార్థి దాన్ని ఏడాదికి 2 శాతమని రాసేస్తాడు, దాంతో చేబదులు బ్యాంకు అప్పు కంటే చవకగా తేలుతుంది. నెలకా, ఏడాదికా అని ప్రతిసారీ అడిగి పక్కనే రాసుకోవాలి. బస్తాతోనూ ఇదే తంటా. కొనుగోలు కేంద్రంలో వడ్ల బస్తా 40 కిలోలు, ఇంట్లో నింపేది అంతకంటే పెద్దది కావచ్చు. అందుకే బస్తాల లెక్కతో పాటు ఒక బస్తా తూకం కూడా అడగాలి. భూమి ఎకరాలు, గుంటల్లోనే రాసుకోవాలి (40 గుంటలు ఒక ఎకరం). హెక్టార్లలోకి తర్వాత మార్చుకోవచ్చు, పొలం గట్టు మీద కాదు.

కుటుంబమంటే ఒకే పొయ్యి మీద వండుకునేవాళ్లు. హైదరాబాద్‌లో పనిచేస్తూ డబ్బు పంపే కొడుకును అందులో కలిపితే తలసరి ఆదాయం ఒకలా వస్తుంది, వదిలేస్తే మరోలా. ఏ పద్ధతైనా సరే, బృందమంతా ఒకటే పాటించాలి. తిండి గురించి గడిచిన ఏడు రోజులే అడగడం మేలు. పంట గురించి నెలల వారీగా అడిగితే జవాబు రాదు, వానాకాలం, యాసంగి అని అడిగితే వస్తుంది. కల్లు గీసే గౌడ కుటుంబాలకు రోజూ చేతికొచ్చే డబ్బు వేరు, సీజను వేరు, కాబట్టి వాళ్లకు విడిగా ప్రశ్నలు కావాలి.

పొద్దున్నే, కూలికి బయల్దేరక ముందో, పొద్దుగూకాకో వెళ్లాలి. ఒక ఇంట్లో గంటకు మించొద్దు. రైతుబంధు వచ్చాక భూమి ప్రశ్న మరీ సున్నితమైంది. తాము చెప్పే జవాబుతో పథకం వస్తుందో పోతుందో అన్న భయం ఊరివాళ్లకు ఉంటుంది. మేం సర్కారు మనుషులం కామని, ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పకపోయినా ఏమీ కాదని మొదటే చెప్పాలి. "అక్కా, ఈ పైసలు మీ చేతికొస్తయా, అన్న చేతికా?" లాంటి ప్రశ్న మగవాళ్ల ముందు అడిగితే నిజం రాదు. అమ్మాయిల జట్టును వంటింటి వైపు వేరుగా పంపాం, జవాబులు చాలాచోట్ల మారాయి.

కాగితాలు ఆ రాత్రే సరిచూడాలి. అమ్మిన పంట పండినదాని కంటే ఎక్కువున్నా, ఖర్చు ఆదాయానికి రెట్టింపున్నా గుర్తు పెట్టి, మర్నాడు పొద్దున అదే ఇంటికి అదే విద్యార్థిని పంపాలి.