రైఫిల్ మొరాయిస్తే ముందు మ్యాగ్జీన్ చూడండి

మన సిక్కోలులో మాజీ సైనికులు నలుగురు కలిస్తే ఆయుధాల మీద వాదన రాకుండా పోదు. పెద్దవాళ్లు ఎస్సెల్లార్‌ని (పాత సెల్ఫ్ లోడింగ్ రైఫిల్) మించింది లేదంటారు. కార్గిల్ నాటి బ్యాచ్‌లవాళ్లు ఇన్సాస్‌ని తిట్టిపోస్తారు. కశ్మీర్‌లో రాష్ట్రీయ రైఫిల్స్‌లో చేసొచ్చినవాళ్లకి ఏకే తప్ప మరోటి ఆనదు. ఎవరి మాటా అబద్ధం కాదు. కాకపోతే "ఆ రైఫిల్ దండగ" అన్నవాళ్లని ఏ భాగం మొరాయించిందో అడిగి చూడండి. చాలాసార్లు తప్పు తూటాలు నింపే మ్యాగ్జీన్‌దో, తూటా పేలినప్పుడు పుట్టి పిస్టన్‌ని తోసే గ్యాస్‌దో, నూనెదో, తూటాలోని మందుదో అని తేలుతుంది.

ఇన్సాస్ సంగతే చూద్దాం. 5.56 మి.మీ. రైఫిల్, పుణెలోని ప్రభుత్వ ఆయుధ పరిశోధన సంస్థ ఏఆర్‌డీఈ డిజైన్. 1999లో కార్గిల్ కొండల మీద దాని మీద వచ్చిన ఫిర్యాదులు ముఖ్యంగా మూడు: చలికి మ్యాగ్జీన్ పగలడం, మూడు రౌండ్ల బర్స్ట్‌లో (ఒక్క నొక్కుకి మూడు తూటాలు) పెడితే ఆగకుండా కాల్చేయడం, కాల్చేటప్పుడు నూనె కంట్లో చిమ్మడం. రెండోది రైఫిల్ లోపమే, దానికి వేరే సాకు లేదు. మొదటిది ప్లాస్టిక్ సమస్య. లోపల ఎన్ని రౌండ్లున్నాయో కనబడాలని మ్యాగ్జీన్‌ని పారదర్శకంగా చేశారు. ఆ ప్లాస్టిక్ గడ్డకట్టే చలిలో పెళుసెక్కుతుంది, రాయికి తగిలితే బీట వేస్తుంది. పలాస ఎండలో అదే మ్యాగ్జీన్ అంత తేలిగ్గా పగలదు. ఎక్కడ వాడారో చెప్పకుండా ఇచ్చే అభిప్రాయానికి విలువ లేదనడం అందుకే.

మ్యాగ్జీన్‌లో ప్రాణమంతా పైనున్న రెండు పెదవుల్లో ఉంటుంది. తూటాని సరైన కోణంలో పట్టుకుని, బోల్ట్ (తూటాని లోపలికి నెట్టే భాగం) ముందుకొచ్చినప్పుడు ఒక్కదాన్నే వదలాల్సింది అవే. అవి కాస్త విచ్చుకుంటే తూటా ముక్కు పైకి లేచి చాంబర్ (తూటా కూర్చునే గది) అంచుకి తగులుతుంది, లేదా రెండు రౌండ్లు ఒకేసారి వస్తాయి. స్ప్రింగ్ నీరసిస్తే తూటా పైకి చేరేలోపే బోల్ట్ దాటిపోతుంది, చాంబర్ ఖాళీగా మూసుకుంటుంది. 20 రౌండ్ల మ్యాగ్జీన్‌లో 18 మాత్రమే నింపే అలవాటు ఇందుకే వచ్చింది. పూర్తిగా కుక్కితే స్ప్రింగ్‌కి కిందికి దిగే చోటుండదు, మొదటి రౌండే గట్టిగా పట్టేస్తుంది.

ప్రతి మ్యాగ్జీన్ మీదా నంబరు వేసుకోవాలి. ఒకే నంబరు రెండు రైఫిళ్లలోనూ ఆగితే తప్పు మ్యాగ్జీన్‌ది, పక్కన పెట్టేయాలి. ఏ మ్యాగ్జీన్ పెట్టినా ఒకే రైఫిల్ ఆగుతుంటే అప్పుడు ఎక్స్‌ట్రాక్టర్ (పేలిన తూటా ఖాళీ గొట్టాన్ని లాగే కొక్కెం), గ్యాస్, చాంబర్ చూడాలి. ఇంకోటి, మ్యాగ్జీన్ లోపల నూనె పూయకండి. అది దుమ్ముని పట్టి ఉంచుతుంది. తూటాలకి అంటితే కేసు (తూటా గొట్టం) చాంబర్ గోడని పట్టుకోలేదు, దెబ్బంతా బోల్ట్ మీద పడుతుంది.

ఎస్సెల్లార్ మీద పెద్దవాళ్ల ప్రేమకి కారణం సగం 7.62 తూటా, సగం గ్యాస్ రెగ్యులేటర్. రెగ్యులేటర్‌ని పూర్తిగా తెరిస్తే గ్యాస్ బయటికి పోతుంది, మూస్తున్నకొద్దీ పిస్టన్‌కి ఎక్కువ అందుతుంది. తెరిచి ఒక్కో రౌండ్ కాలుస్తూ ఒక్కో గాడి మూసుకురావాలి. ఖాళీ కేసు సరిగ్గా బయటపడి, బోల్ట్ పూర్తిగా వెనక్కి వెళ్లడం మొదలయ్యాక ఇంకో రెండు గాళ్లు మూయాలి. ఆ రెండూ మసి పేరుకున్నప్పటికి దాచిపెట్టిన బలం. కొందరు అసలు గొడవే లేకుండా పూర్తిగా మూసేస్తారు. అప్పుడు రైఫిల్ ఆగదు గానీ భుజం వాస్తుంది, భాగాలు త్వరగా అరుగుతాయి.

ఏకేలో అలాంటి బిగింపులేం లేవు. బరువైన పిస్టన్, భాగాల మధ్య వదులు, మందమైన పెదవుల స్టీలు మ్యాగ్జీన్. దాని 7.62×39 తూటా కేసు వెనక లావు, ముందు సన్నం, కాబట్టి చాంబర్‌లోంచి ఇట్టే ఊడొస్తుంది. అది మొరాయించదన్న పేరు న్యాయమైనదే. గురి విషయంలో మాత్రం అంత పొగడక్కర్లేదు. ఇప్పుడు అమేఠీ దగ్గర కోర్వాలో తయారయ్యే ఏకే-203కీ ఇదే తూటా.

తూటా శక్తి మీద ఫిర్యాదుని రైఫిల్ మొరాయించడంతో కలపకూడదు. 5.56 బుల్లెట్ సుమారు 4 గ్రాములు, ఎస్సెల్లార్ 7.62×51 బుల్లెట్ 9 గ్రాముల పైమాట. తగిలినా మనిషి పడలేదని జవాన్లు చెప్పేది ఈ తేడా గురించే, రైఫిల్ మధ్యలో ఆగిపోవడం గురించి కాదు. మోసేటప్పుడు లెక్క తిరగబడుతుంది: 100 రౌండ్లు ఒకటి 1.2 కిలోలు, రెండోది దాదాపు 2.4.

మందు వల్ల రైఫిల్‌కి చెడ్డపేరు రావడానికి వియత్నాంలో అమెరికా సైన్యం వాడిన ఎం-16ని మించిన ఉదాహరణ లేదు. రైఫిల్‌ని పరీక్షించింది ఒక మందుతో, యుద్ధానికి పంపింది ఇంకో మందుతో. కాల్చే వేగం పెరిగింది, మసి పేరుకుంది, చాంబర్‌కి క్రోమ్ పూత లేదు, శుభ్రం చేసే సామాను చాలామందికి అందలేదు. ఖాళీ కేసులు చాంబర్‌లో ఇరుక్కుని సైనికులు చనిపోయారు. 1967లో అమెరికా కాంగ్రెస్ కమిటీ విచారించి తప్పులు బయటపెట్టింది. తర్వాత చాంబర్‌కి క్రోమ్ వేశారు, కిట్లు ఇచ్చారు, అదే రైఫిల్ దశాబ్దాలు నడిచింది.

మన తీరానికొస్తే శత్రువు ఉప్పుగాలి. కళింగపట్నం, నౌపడ వైపు ఇనుము ఊరికే తుప్పు పట్టేస్తుంది. పుల్‌త్రూని (బ్యారెల్ తుడిచే గుడ్డ కట్టిన తాడు) ఎప్పుడూ చాంబర్ వైపు నుంచి వేసి, ఒకే లాగుడులో తిన్నగా బయటికి తీయాలి. తాడు పక్కకి రాసుకుంటే బ్యారెల్ మూతి అరుగుతుంది, గురి పోతుంది. పొడి చిందీ (గుడ్డ ముక్క) 4×2 అంగుళాలు, నూనె చిందీ 4×1½. కాల్చిన రోజు శుభ్రం చేసి వదిలేస్తే చాలదు, తర్వాతి రోజుల్లోనూ మసి పైకి తేలుతుంది, మళ్లీ లాగాలి. కాల్చే ముందు మాత్రం బ్యారెల్, చాంబర్ పొడిగా తుడవాలి. నూనెతో కాలిస్తే మొదటి రౌండ్ ఎటో పోతుంది, పైగా పిస్టన్ మీద ఎక్కువైన నూనె మొహం మీదికే వస్తుంది. కార్గిల్ నాటి ఆ మూడో ఫిర్యాదులో కొంత పాలు దీనిదీ ఉండొచ్చు.

రిటైరై బ్యాంకుల్లో గార్డులుగా ఉన్నవాళ్ల 12 బోర్ తుపాకీలకీ ఇదే వర్తిస్తుంది. కాన్వాస్ కవర్‌లో పెట్టి దాచకండి, అది తేమని పట్టి ఉంచుతుంది. పాత కాగితం కేసు తూటాలు వానాకాలంలో ఉబ్బి చాంబర్‌లోకి సగమే దిగుతాయి. అలా దిగనిదాన్ని బలవంతంగా నెట్టకూడదు, పక్కన పెట్టి మార్పించుకోవాలి. ఇత్తడి అంచు మీద ఆకుపచ్చగా మరక కనబడిన తూటాల్నీ వాటితోపాటే ఇచ్చేయండి.