టైమ్ మారలేదు, ఫైల్ మారింది

నిన్న రాత్రి పదకొండు దాకా తిరుపతి బైరాగిపట్టెడలోని మా గదిలో ఒక్క బ్యాకప్‌తో కుస్తీ పట్టా. లాడ్జి బుకింగుల ఫైల్, దాని సైజు ఎప్పుడూ మారదు, అసలు దాంట్లో చివరి మూడు ఎంట్రీలు ఉన్నాయి, కాపీలో లేవు, ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్ ప్రోగ్రామ్ మాత్రం రెండూ ఒకటే అన్నట్టు దాటేసి పోతోంది. అది మామూలుగా సైజూ, మార్పు టైమూ చూస్తుందంతే, లోపల చదవదు. "అన్నా, టైమ్ సెకనుతో సహా ఒకటే" అన్నాడు పక్కనున్న పిల్లాడు, టీ గ్లాసు కీబోర్డు పక్కనే పెడుతూ (వంద సార్లు చెప్పా, వినడు).

సంగతేంటంటే మా ప్రోగ్రామ్ ఎమ్‌మ్యాప్‌తో ఫైల్‌ని మెమరీలోకి తెచ్చుకుని అక్కడే దిద్దుతుంది. లినక్స్ ఒక పేజీలో (మెమరీని విడగొట్టిన చిన్న ముక్క అది) మొదటిసారి రాసినప్పుడు ఫైల్ టైమ్ మారుస్తుంది, ఆ పేజీ డిస్కుకి వెళ్లేదాకా తర్వాత ఎన్నిసార్లు రాసినా పట్టించుకోదు. సరిగ్గా ఆ సందులోనే బ్యాకప్ నడిచింది, ఆ తర్వాత మూడు ఎంట్రీలు పడినా టైమ్ కదల్లేదు. యూనిక్స్ తరహా సిస్టమ్‌లకి ప్రమాణమైన పాజిక్స్ కూడా, రాతకీ తర్వాతి ఎమ్‌సింక్‌కీ (దిద్దినవి డిస్కుకి పంపమని చెప్పే పిలుపు) మధ్య ఎప్పుడైనా మార్చుకోమని వదిలేసింది. ప్రతి రాతకీ మారిస్తే మెషిన్ నత్తలా పాకుతుంది, ఒప్పుకుంటా, కానీ డిస్కుకి పంపేటప్పుడైనా ఇంకోసారి మార్చొచ్చుగా!

చివరికి ఫైల్ లోపలంతా చదివి పోల్చే చెక్‌సమ్ ఆప్షన్ పెట్టి ఆర్‌సింక్ నడిపా, మూడు ఎంట్రీలూ వచ్చాయి. అప్పటికి కింద టిఫిన్ బండి కట్టేశారు.