మా కుందేలు జబ్బును కనిపెట్టిన తీరు: నా అనుభవం

హైదరాబాద్‌లో ఎండలు ముదిరిన రోజుల్లో మా ఆడ కుందేలుకు ఒంట్లో బాగులేదన్న అనుమానం నాకు మొదట దాని పెంటికల ట్రే చూసినప్పుడు కలిగింది. రోజూ శనగగింజలంత ఉండే పెంటికలు ఆ ఉదయం మిరియాలంతే ఉన్నాయి, అవీ కొన్నే. రాత్రి వేసిన గడ్డి వేసినట్టే ఉంది. ఎంతో ఇష్టమైన కొత్తిమీరను వాసన చూసి వదిలేసి, మూలన ముడుచుకుని కూర్చుని, మధ్యమధ్య పళ్లు పటపట కొరుకుతోంది. నిమిరినప్పుడు హాయిగా ఉన్నా కుందేలు పళ్లు మెల్లగా ఆడిస్తుంది గాని, బయటికి వినిపించేంత గట్టిగా కొరుకుతున్నదంటే నొప్పితో ఉన్నట్టే.

వేట జంతువులకు ఆహారమయ్యే ప్రాణి కనుక కుందేలు తన నలతను వీలైనంత దాచుకుంటుంది. పైగా దాని పేగులు ఎప్పుడూ కదులుతూనే ఉండాలి. తిండి ఆగితే ఆ కదలిక మందగించి, పొట్టలో గ్యాసు చేరి, ఆ నొప్పికి అది మరింతగా తిండి మానేస్తుంది. వాంతి చేసుకునే వీలు కూడా దానికి లేదు. అందుకే కుందేలు పది పన్నెండు గంటలు ఏమీ తినకపోతే దాన్ని అత్యవసరంగానే భావించాలి.

కుక్కలను, పిల్లులను మాత్రమే చూసే డాక్టర్లు చాలామంది ఉంటారు కాబట్టి, ముందుగా ఫోనులో అడిగి, కుందేళ్ల వైద్యం తెలిసినవారి దగ్గరికే తీసుకువెళ్లాను. ఆయన పొట్ట తడిమి, స్టెతస్కోపుతో పేగుల చప్పుడు విని, ఉష్ణోగ్రత చూశారు. కుందేలుకు 38.5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ వరకు మామూలేనని, జ్వరం కన్నా ఒళ్లు చల్లబడటమే ఎక్కువ ప్రమాదమని చెప్పారు. అడ్డంకి ఏదీ లేదని ఎక్స్‌రేలో తేలాక నోరు పరీక్షిస్తే అసలు కారణం దొరికింది: దవడపన్ను ఒకటి మొనదేలి నాలుకను కోస్తోంది. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమలడం వల్లనే అరుగుతాయి, దవడ అమరికలో తేడా ఉంటే గడ్డి తిన్నా సమంగా అరగవు.

నొప్పి తగ్గే మందు, చర్మం కింద సెలైన్ ఇచ్చి, నానబెట్టిన పెల్లెట్ల (కుందేళ్ల గుళికల మేత) జావను సిరంజితో కొద్దికొద్దిగా పట్టించమన్నారు. కాస్త కోలుకున్నాక మత్తు ఇచ్చి పన్ను అరగదీశారు. ఆ మత్తుకు ముందు కడుపు మాడ్చవద్దని చెప్పినప్పుడు మాత్రం ఆశ్చర్యపోయాను. నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్, ఒంటి మీది పురుగులకు వాడే ఫిప్రోనిల్ కుందేలు ప్రాణానికే ముప్పని, ఇంట్లో ఉన్నాయి కదా అని వాడవద్దని గట్టిగా హెచ్చరించారు.

అప్పటినుంచి వారానికొకసారి దాన్ని కాటాపై తూచి బరువు రాసుకుంటున్నాను. బొచ్చు కింద కనబడకుండా చిక్కిపోవడాన్ని చేతికన్నా కాటాయే ముందు చెబుతుంది. గడ్డం తడిగా ఉంటే పళ్లను, చెవిలో గోధుమరంగు పొరలు కడితే గజ్జి పురుగును, ముందుకాళ్ల లోపలి బొచ్చు అట్టకడితే జలుబును అనుమానిస్తాను. వానాకాలంలో తోక కింద తడి, మురికి ఉంటే ఈగలు గుడ్లు పెడతాయి కనుక ఆ చోటు రోజూ చూడవలసిందే. మూత్రం నారింజ ఎరుపులో ఉండటం చాలాసార్లు ఆహారంలోని రంగుల వల్లనే గాని, నెత్తురు చారలుంటే ఆగకూడదు. గర్భసంచి తీయని ఆడ కుందేళ్లకు వయసు మీరాక అక్కడ క్యాన్సర్ రావడం తరచుగా జరిగేదే. బరువు మునుపటికి చేరాక గర్భసంచి తీసే శస్త్రచికిత్సకూ తేదీ తీసుకున్నాను.