లిస్ట్ వేరియబుల్‌తో అరేలిస్ట్ మెథడ్‌ను పిలవాల్సి వచ్చినప్పుడు: నా అనుభవం

మా జావా ప్రోగ్రామ్ ఒకటి డేటాబేస్ నుంచి లక్షల వరుసలను చదివి, వాటిని ఒక అరేలిస్ట్‌లో (అవసరాన్ని బట్టి పెరిగే జాబితాలో) చాలాసేపు ఉంచుకుంటుంది. అరేలిస్ట్ నిండినప్పుడల్లా లోపలి అరేను సుమారు ఒకటిన్నర రెట్లకు పెంచుకుంటుంది కాబట్టి, చదవడం పూర్తయ్యాక ఎన్నో గడులు ఖాళీగా మిగిలిపోతాయి. ఆ మెమొరీని విడిపించే ట్రిమ్‌టుసైజ్ మెథడ్‌ను కోడ్‌లో చేర్చే పని నాకు అప్పగించారు. వేరియబుల్‌ను లిస్ట్ ఇంటర్‌ఫేస్ (ఒక జాబితాకు ఏయే మెథడ్‌లు ఉండాలో చెప్పే రకం) రకంతో ప్రకటించి, అందులో కొత్త అరేలిస్ట్‌ను ఉంచారు. దానిపై ట్రిమ్‌టుసైజ్ అని రాయగానే కంపైలర్ ‘కెనాట్ ఫైండ్ సింబల్’ (ఆ పేరు దొరకలేదు) అని ఆపేసింది.

ఆబ్జెక్ట్ నిజంగా అరేలిస్టే అయినా, కంపైలర్ చూసేది వేరియబుల్‌కు ప్రకటించిన రకాన్ని మాత్రమే. లిస్ట్‌లో యాడ్, గెట్, సైజ్ ఉన్నాయి, ట్రిమ్‌టుసైజ్ లేదు. ఏ మెథడ్‌ను పిలవవచ్చో వేరియబుల్ రకం నిర్ణయిస్తే, పిలిచాక ఏ క్లాస్‌లోని కోడ్ నడవాలో ఆబ్జెక్ట్ నిర్ణయిస్తుంది. మొదటిది కంపైల్ చేసేటప్పుడు, రెండోది ప్రోగ్రామ్ నడిచేటప్పుడు, ఇలా ఈ రెండు నిర్ణయాలూ వేర్వేరు సమయాల్లో జరుగుతాయన్నదే ఇక్కడి కీలకం. ఇది మనసుకెక్కితే ఇంటర్‌ఫేస్‌ల గురించిన సందేహాలు చాలావరకు తీరిపోతాయి.

దగ్గరి దారి కాస్టింగ్, అంటే ఆబ్జెక్ట్‌ను ఫలానా రకంగా చూడమని కంపైలర్‌కు చెప్పడం. వేరియబుల్‌ను అరేలిస్ట్‌గా కాస్ట్ చేస్తే కోడ్ కంపైల్ అయింది, కానీ ఒక టెస్ట్‌లో, ఆబ్జెక్ట్ ఆ రకానిది కానప్పుడు వచ్చే క్లాస్‌కాస్ట్‌ఎక్సెప్షన్ అనే ఎర్రర్ వచ్చింది. ఆ టెస్ట్ అరేస్ క్లాస్‌లోని యాజ్‌లిస్ట్ ఇచ్చిన జాబితాను పంపుతోంది. విశేషమేమిటంటే, ఆ ఆబ్జెక్ట్ క్లాస్ పేరు కూడా అరేలిస్టే! అయితే అది అరేస్ క్లాస్ లోపల ఉండే ప్రైవేట్ క్లాస్, మనం రోజూ వాడే అరేలిస్ట్‌తో దానికి సంబంధం లేదు. ఎర్రర్ సందేశంలో రెండు పూర్తి పేర్లూ పక్కపక్కన కనిపించడంతో విషయం తేలిపోయింది.

ఆబ్జెక్ట్ ఫలానా రకానిదో కాదో చెప్పే ఇన్‌స్టన్స్‌ఆఫ్‌తో ముందే పరీక్షించి, ఆ తర్వాత కాస్ట్ చేయవచ్చు; జావా 16 నుంచి ఈ రెండూ ఒకే వాక్యంలో కుదురుతాయి. అయినా అరేలిస్ట్ కాని జాబితా వచ్చినప్పుడు ఏమీ చేయకుండా దాటిపోయే కోడ్ నాకు నచ్చలేదు. అందువల్ల జాబితాను నింపే మెథడ్‌లోకే వెళ్లి, అక్కడి లోకల్ వేరియబుల్‌ను అరేలిస్ట్‌గా ప్రకటించి, వరుసలన్నీ చేరాక ట్రిమ్‌టుసైజ్‌ను పిలిచి, ఆ తర్వాతే రిటర్న్ చేశాను. మెథడ్ రిటర్న్ రకం లిస్ట్‌గానే ఉండిపోయింది కనుక, దాన్ని వాడుకునే తక్కిన కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మార్చాల్సిన అవసరం రాలేదు.