ఫెంగ్ తియాన్‌వే ఏ ఊరి మనిషి

2022 ఆగస్టులో ఒక శనివారం, సింగపూర్‌లో మేముండే బ్లాకు కింద టేబుల్ టెన్నిస్ బల్ల పక్కన కూర్చుని, బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల మహిళల టేబుల్ టెన్నిస్ సింగిల్స్ సెమీఫైనల్ ఫోన్‌లో చూస్తున్నాను. ఒకవైపు మన హైదరాబాద్ అమ్మాయి ఆకుల శ్రీజ, మరొకవైపు సింగపూర్ తరఫున ఫెంగ్ తియాన్‌వే. ఆరు గేములు ముగిసేసరికి ఇద్దరూ సమానంగా ఉన్నారు. ఏడో గేమును శ్రీజ 10-12తో పోగొట్టుకుంది. ఆ బాధలో పక్కనున్న అంకుల్‌తో, "ఆమె మాత్రం మీ దేశంలో పుట్టిందా, చైనా నుంచి తెచ్చుకున్న మనిషే కదా" అన్నాను. ఆయన నేను పనిచేసే నౌకల మరమ్మతు యార్డులో ఫోర్‌మన్, పద్నాలుగేళ్లుగా నన్ను ఎరిగిన పెద్దాయన. బ్యాట్ రబ్బరును అరచేత్తో తుడుస్తూ, నా వైపు చూడకుండానే, "ఆ మాట నువ్వనకూడదు" అన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. విదేశీ క్రీడాకారులను తెచ్చుకునే పథకం ఇక్కడ 1993 నుంచి ఉంది, దాని మీద గొణిగేవారిలో ఇక్కడ పుట్టినవారే ఎక్కువ, మరి నన్నొక్కడినే ఎందుకనాలి అని మనసులో వాదించుకున్నాను. 1960 రోమ్ తర్వాత 48 ఏళ్లకు, 2008 బీజింగ్‌లో ఈ దేశానికి ఒలింపిక్ పతకం తెచ్చిన జట్టులో ఆమె ఉంది. నేను కాకినాడ నుంచి వచ్చిన ఏడాది అది. అప్పుడు కూడా కాఫీ షాపులో, ఇక్కడ పుట్టిన మన పిల్లలు గెలిచి ఉంటే ఎంత బాగుండేదో అని సింగపూర్‌వాళ్లు అనుకునే మాట నా చెవిన పడింది.

హార్బిన్‌లో పుట్టిన ఫెంగ్ 2007లో ఇక్కడికి వచ్చింది, 2008 జనవరిలో పౌరసత్వం పొందింది. 2010లో మాస్కోలో, తాను పుట్టిన చైనా మీదే రెండు మ్యాచ్‌లు గెలిచి సింగపూర్‌ను ప్రపంచ జట్టు విజేతగా నిలిపింది, 2012లో లండన్ ఒలింపిక్స్ సింగిల్స్ కాంస్యం తెచ్చింది. ఇంత చేసినా 2016లో, రియో ఒలింపిక్స్ ముగిసిన కొద్ది నెలలకే, ఆమెను జాతీయ శిక్షణ జట్టు నుంచి తప్పించారు. నన్ను పట్టి పీడించింది ఆ ఘట్టమే. వదిలి వచ్చిన చోట మన జాగా ఎప్పుడో నిండిపోయి, వచ్చిన చోట ఇక అక్కర్లేదంటే మనిషి ఎటు పోతాడు? ఇక్కడ పనిచేయనిచ్చే పాస్ పునరుద్ధరణకు దరఖాస్తు పెట్టిన ప్రతిసారీ, జవాబు వచ్చేదాకా నాకు అన్నం సహించేది కాదు. నేను తనిఖీ చేసి సంతకం పెట్టిన ఓడ డాక్ నుంచి కదిలేటప్పుడు ఈ సంతకం ఏ ఊరివాడిదని ఎవరూ అడగరు. సొంత ఊళ్లో మాత్రం "ఎప్పుడొచ్చావురా, మళ్లీ ఎప్పుడు వెళ్తావు" అని ఒక్క గుక్కలో అడుగుతారు. ఫెంగ్ సొంతంగా సాధన చేసుకుని, మళ్లీ సింగపూర్ తరఫునే ఆడి, 35 ఏళ్ల వయసులో శ్రీజ ఎదుట నిలబడింది.

అయినా నా బాధలో అన్యాయం లేదనే ఇప్పటికీ అంటాను. మర్నాడు కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లోనూ శ్రీజ, చైనాలో పుట్టి ఆస్ట్రేలియాకు ఆడుతున్న ల్యూ యాంగ్జీ చేతిలో 3-4తోనే ఓడింది. చిన్ననాటి నుంచి చైనా శిక్షణలో ఆరితేరిన చేతులతో రెండుసార్లు చివరి గేము దాకా పోరాడిన మన పిల్లను తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. కానీ అదే రోజు ఫైనల్లో ఫెంగ్, తనలాగే వలస వచ్చిన జెంగ్ జియాన్ మీద మూడు గేములు వెనకబడి 4-3తో గెలుస్తుంటే, నేను కళ్లు తిప్పుకోలేకపోయాను.

సోమవారం యార్డుకు బయలుదేరేసరికి, జాతీయ దినోత్సవం కోసం వసారాల నిండా జెండాలు వేలాడుతున్నాయి. గేటు దగ్గర అంకుల్ ఫోన్ చాపి, శరత్ కమల్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచిన శ్రీజ ఫొటో చూపించారు. "మీ అమ్మాయి గెలిచింది" అన్నారు. నేను క్షమాపణ చెప్పబోతుంటే వినిపించుకోకుండా, బ్యాక్‌హ్యాండ్ వైపు ఆ పిల్ల ఏ రబ్బరు వాడుతుందని అడిగారు.

పింపుల్స్, అంటే పైకి బొడిపెలుండే రబ్బరు, అని చెప్పాను. సాయంత్రం బల్ల దగ్గరికి రమ్మన్నారు.