ప్రభువు బల్ల పక్కన ఓట్ల కాగితం

2024 నవంబరు 3వ తేదీ ఆదివారం, అంటే అధ్యక్ష ఎన్నికలకు సరిగ్గా రెండు రోజుల ముందు, డల్లాస్ దగ్గర మేము ఆరాధనకు వెళ్ళే తెలుగు సంఘంలో ప్రభువు బల్ల (యేసు జ్ఞాపకార్థం రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారం) ముగిసి అందరూ వెనక హాలులోకి వచ్చేసరికి, టీ ఫ్లాస్కుల పక్కన కాగితాల దొంతర ఒకటి ఉంది. నేనూ ఒకటి తీసుకున్నాను. ఇద్దరు అభ్యర్థుల ఫోటోలు, వాటి కింద రెండు నిలువు వరుసలు, ఎడమ పక్కన ఆరు విషయాలు: గర్భస్రావం, వివాహం, బడుల్లో ప్రార్థన, తుపాకుల హక్కు, ఇజ్రాయెల్, పన్నులు. ఒక్కొక్క గడిలో 'సమర్థిస్తారు' అనో 'వ్యతిరేకిస్తారు' అనో ముద్రించి ఉంది. ఫలానా వారికి ఓటెయ్యమన్న మాట మాత్రం ఎక్కడా లేదు.

అలా లేకపోవడానికి కారణం ఉంది. 1954లో లిండన్ జాన్సన్ సెనేటరుగా ఉన్నప్పుడు తెచ్చిన సవరణ ప్రకారం, పన్ను మినహాయింపు పొందే చర్చిలు, ధర్మసంస్థలు ఎన్నికల్లో ఎవరినీ గెలిపించమని గానీ ఓడించమని గానీ చెప్పకూడదు. అందుకే కాగితం తీర్పు చెప్పదు, ప్రశ్నలను మాత్రం తానే ఎంచుకుంటుంది. ఎంచుకున్న ప్రశ్నల్లోనే జవాబు ఉంటుంది. టీవీ బోధకుడు ప్యాట్ రాబర్ట్‌సన్ 1989లో స్థాపించిన క్రిస్టియన్ కోయలిషన్ అనే రాజకీయ సంస్థ ఈ పద్ధతిని దేశమంతటా అలవాటు చేసింది. విధవరాలు, తండ్రిలేనివాడు, పరదేశి అని ధర్మశాస్త్రంలోను ప్రవక్తల గ్రంథాల్లోను మళ్ళీ మళ్ళీ వచ్చే ముగ్గురిలో ఒక్కరికి కూడా ఆ ఆరు గడుల్లో చోటు లేదు. ఆ రోజు హాలులో టీ తాగుతున్న వారిలో చాలామంది వీసా గడువు లెక్కపెట్టుకుంటూ బతుకుతున్న పరదేశులే కావడం నన్ను ఎక్కువగా బాధించింది.

మేము బాప్టిస్టులం, అంటే స్వయంగా నమ్మి వచ్చినవారికే నీళ్ళలో ముంచి బాప్తిస్మం ఇచ్చే సంఘస్థులం. ప్రభుత్వం చేతిలో విశ్వాసం పెట్టవద్దని ఈ దేశంలో అందరికన్నా ముందు మొరపెట్టుకున్నది మా వాళ్ళే. మనస్సాక్షి మీద రాజుకు అధికారం లేదన్నందుకు మసాచుసెట్స్ నుంచి వెళ్ళగొట్టబడిన రోజర్ విలియమ్స్ 1636లో ప్రావిడెన్స్ పట్టణాన్ని స్థాపించాడు. అమెరికాలో మొదటి బాప్టిస్టు సంఘం అక్కడే ఏర్పడింది. 1801లో కనెక్టికట్‌లోని డాన్‌బరీ బాప్టిస్టులు అధ్యక్షుడు జెఫర్సన్‌కు ఉత్తరం రాశారు. ఆ రాష్ట్రంలో అధికార గుర్తింపు కాంగ్రిగేషనల్ చర్చికి ఉండేది. తమ పన్ను ఆ చర్చికి పోకూడదంటే బాప్టిస్టులు తాము వేరే సంఘస్థులమని ధ్రువపత్రం చూపించుకోవాలి. తమ మత స్వేచ్ఛను పుట్టుకతో వచ్చిన హక్కుగా చూడకుండా ఎవరో దయతలచి ఇచ్చిన వెసులుబాటుగా చూస్తున్నారన్నది వారి వేదన. 1802 జనవరి 1న జెఫర్సన్ రాసిన జవాబులోనే చర్చికీ ప్రభుత్వానికీ మధ్య గోడ అన్న మాట ఉంది. ఆ గోడను భక్తిహీనులు కట్టారని ఇప్పుడు వేదికల మీద చెప్పేవారు, దాన్ని కోరి ఉత్తరం రాసింది ప్రార్థన చేసుకునే మనుషులేనన్న సంగతి ఒక్కసారి గుర్తు తెచ్చుకోవాలి.

మా ఇంట్లో ఈ పాఠం ఉత్తరంగా కాక, ఒక కథగా వచ్చింది. మా నాయనమ్మ ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లవు దొరగారి గురించి చెప్పేది. 1876 నుంచి 1878 వరకు సాగిన కరువులో జాన్ క్లవు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చిన మాదిగ పల్లెల జనానికి కూలి ఇప్పించాడు. పనికి వచ్చినవారు సాయంత్రాలు వాక్యం విన్నారు, బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూలి డబ్బులు, కరువు సాయం తన చేతి మీదుగా సాగినంత కాలం, ఏడాదికి పైగా, ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వకుండా ఆపాడు. కూటి కోసం కలిశారన్న మాట ఆ మనుషుల మీద పడకూడదని, వారి విశ్వాసం మీద వారికే అనుమానం రాకూడదని. సాయం పని ముగిశాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరు చొప్పున వంతులు మారుతూ ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. వారిలో మా నాయనమ్మ ముత్తాత ఒకరని మా ఇంట్లో చెప్పుకుంటారు. కూలి ఇచ్చే చెయ్యి, నీళ్ళలో ముంచే చెయ్యి ఒకే కాలంలో ఒకటి కాకూడదన్న ఆ జాగ్రత్త నాకు పెద్దదిగా కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో అర్చకులు, ఇమాములతో పాటు పాస్టర్లకు కూడా నెలకు 5,000 రూపాయల గౌరవవేతనం ఇవ్వాలని నిర్ణయించినప్పుడు, మా బంధువుల్లో చాలామంది సంతోషించినా నా మనసు నిలవకపోవడానికి ఈ కథే కారణం.

అమెరికాలో ఆ జాగ్రత్త ఎలా పోయిందో చెప్పాలంటే వర్జీనియాలోని లించ్‌బర్గ్‌కు వెళ్ళాలి. 1965 మార్చిలో, సెల్మా నుంచి మాంట్‌గోమరీకి ఓటు హక్కు కోసం నల్లజాతి ప్రజల పాదయాత్ర మొదలైన రోజే, అక్కడి థామస్ రోడ్ బాప్టిస్టు చర్చి పాస్టరు జెర్రీ ఫాల్వెల్ ఒక ప్రసంగం చేశాడు. బోధకులు రాజకీయ నాయకులు కావడానికి పిలువబడలేదని, ఆత్మలను రక్షించడమే వారి పని అని అందులో చెప్పాడు. పద్నాలుగేళ్ళ తరువాత, 1979లో, అదే మనిషి మోరల్ మెజారిటీ అనే రాజకీయ సంస్థను స్థాపించి పాస్టర్లందరూ తమ సంఘస్థులను ఓటర్లుగా నమోదు చేయించాలని పిలుపునిచ్చాడు.

ఈ మధ్యలో జరిగింది గర్భస్రావాన్ని హక్కుగా గుర్తించిన 1973 సుప్రీంకోర్టు తీర్పు ఒక్కటే అని చాలామంది నమ్ముతారు. కానీ అమెరికా బాప్టిస్టుల అతి పెద్ద సమాఖ్య సదరన్ బాప్టిస్టు కన్వెన్షన్ 1971లో సెయింట్ లూయిస్ సమావేశంలో కొన్ని పరిస్థితుల్లో గర్భస్రావానికి చట్టం అనుమతించాలనే తీర్మానించింది. పాస్టర్లను మొదట కదిలించింది పన్ను అధికారులని, పాస్టర్లను రాజకీయాల్లోకి తెచ్చిన ఆ ఉద్యమాన్ని నిర్మించిన వారిలో ఒకడైన పాల్ వెయ్‌రిక్ స్వయంగా చెప్పాడు. నల్లజాతి పిల్లలను చేర్చుకోని ప్రైవేటు క్రైస్తవ బడులకు, విద్యాసంస్థలకు పన్ను మినహాయింపు తీసేయడం మొదలైంది. 1976లో బాబ్ జోన్స్ విశ్వవిద్యాలయం దాన్ని పోగొట్టుకుంది, 1983లో సుప్రీంకోర్టు కూడా ఆ నిర్ణయాన్ని నిలబెట్టింది. ఆ కోపానికి గర్భస్రావం అన్న పేరు తరువాత పెట్టారు. గర్భస్థ శిశువు కోసం నిజంగా కన్నీటితో ప్రార్థించే తల్లులు మా సంఘంలోనే ఉన్నారు, వారి మాటను నేను తేలిక చేయడం లేదు. వారి కన్నీటిని ఎవరు ఏ లెక్కలో జమ చేసుకున్నారన్నదే నా బాధ.

1980 ఆగస్టులో మా డల్లాస్‌లోనే వేలమంది పాస్టర్లు, విశ్వాసులు కూడిన సభలో రోనల్డ్ రీగన్, మీరు నన్ను బలపరచలేరని తెలుసు, నేను మిమ్మల్ని బలపరుస్తున్నానని అన్నాడు. ఆ ఎన్నికల్లో ఆయన ఓడించిన జిమ్మీ కార్టర్ ఆదివారపు బడి చెప్పే బాప్టిస్టు. విశ్వాసం గల మనిషి కావాలన్నదే కోరిక అయితే, ఆ మనిషి అప్పటికే వైట్‌హౌస్‌లో ఉన్నాడు.

ఆ దారి ఎక్కడికి చేరిందో 2020 జూన్ 1న చూశాం. వైట్‌హౌస్ ఎదుటి లఫాయెట్ స్క్వేర్‌లో నిరసనకారులను బలవంతంగా చెదరగొట్టిన కొద్దిసేపటికి అధ్యక్షుడు ట్రంప్ సెయింట్ జాన్స్ చర్చి ముందుకు నడిచి వచ్చి, బైబిలు చేత్తో పైకెత్తి ఫోటోలు దిగి వెళ్ళాడు. పుస్తకం తెరవలేదు, ప్రార్థన చేయలేదు. ఆ ప్రాంతపు బిషప్ మేరియన్ బడీ దాన్ని బహిరంగంగా ఖండించారు. మూసిన బైబిలు అలా గాలిలో ఉన్న ఫోటో చూసినప్పుడు నాకు మా నాయనమ్మ బైబిలు గుర్తొచ్చింది; తెరిచి తెరిచి కుట్టు ఊడిపోతే, దానికి ఆమె పాత చీర అంచుతో గుడ్డ అట్ట కుట్టుకుంది.

పాస్టర్లు రాజకీయం మాట్లాడకూడదని నేననను. మార్టిన్ లూథర్ కింగ్ కూడా బాప్టిస్టు పాస్టరే. కానీ ఆయన క్రైస్తవులకు ప్రత్యేకంగా పీఠం వేయమని అడగలేదు. అందరికీ ఓటు ఇమ్మని అడిగాడు, అందుకు జైలుకు వెళ్ళాడు. యేసుకు మరణశిక్ష వేసిన రోమా అధికారి పిలాతు ఎదుట నిలబడి మాట్లాడటం వేరు, పిలాతు పక్కన కుర్చీ కోరుకోవడం వేరు.

తరువాతి వారం ఆ కాగితం పట్టుకుని పాస్టరు గారి దగ్గరికి వెళ్ళాను. "అది నేను పెట్టించలేదమ్మా, ఎవరో సహోదరులు తెచ్చారు" అన్నారు. "తీయించగలరు కదా, అయ్యగారూ" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. భవనం అప్పులో సగానికి పైగా నాలుగైదు కుటుంబాల కానుకలే తీరుస్తున్నాయని, వారిలో ఇద్దరు ఆ కాగితం విషయంలో గట్టిగా ఉన్నారని చివరకు చెప్పారు. ఆయన మీద నాకు కోపం రాలేదు. అప్పుడు గుండ్లకమ్మ సంగతి చెప్పాను. ఆయనది గుంటూరు, లూథరన్ కుటుంబం నుంచి వచ్చినవారు; ఆ ఏడాది పాటు బాప్తిస్మాలు ఆపిన సంగతి ఆయన వినలేదట, రెండుసార్లు చెప్పించుకున్నారు. 2026 నవంబరులో మళ్ళీ ఎన్నికలు వస్తాయి. ఆ లోపు సంఘ పెద్దల కూటంలో ఈ విషయం పెట్టడానికి ఒప్పుకున్నారు, అయితే లేచి మాట్లాడవలసింది నేనేనని అన్నారు.