రైలు రాని రేవు: భీమిలి

విశాఖ నుంచి బీచ్ రోడ్డులో భీమిలి వైపు బయల్దేరినవాళ్లు రుషికొండ దగ్గరో, ఎర్రమట్టి దిబ్బల దగ్గరో ఆగిపోతారు. మేం మాత్రం నేరుగా ఊళ్లోకే వెళ్లిపోయాం.

ముందు డచ్చివాళ్ల సమాధులు. కొన్ని మనిషికన్నా ఎత్తు, పైకి పోయేకొద్దీ సన్నబడి మొన తేలి ఉన్నాయి. పలకల మీద చెక్కిన అక్షరాలు ఉప్పుగాలికి చాలావరకు అరిగిపోయాయి. తడిమి చూస్తుంటే చేపల తట్టతో పోతున్న ఒకావిడ నిలబడి, "ఏటి బాబూ, దొరల గోరీలు సూడ్డానికొచ్చినారా?" అని నవ్వింది.

బట్టల వ్యాపారం కోసం 17వ శతాబ్దంలో వచ్చిన డచ్చివాళ్లు 1825లో ఊరిని ఇంగ్లీషువాళ్లకు అప్పగించారు. అసలు సందడి ఆ తర్వాతే. గోంగూర జాతి మొక్క నుంచి తీసే గోగునార ఇక్కణ్ణుంచే విదేశాలకు ఎగుమతయ్యేది. ఊరి పేరు మీదే దానికి బిమ్లీ జూట్ అని పేరొచ్చింది. రేవు లోతు తక్కువ కావడంతో ఓడలు దూరంగా లంగరేసుకునేవి. ఒడ్డు నుంచి సరుకు మోసినవి మసూలా పడవలు. వాటి పలకలకు మేకులుండవు, తాడుతో కుట్టేవాళ్లు. అల కొట్టినా పలక విరగదు, కొంచెం వంగి సర్దుకుంటుంది. మసూలాలు ఇప్పుడు లేవు; ఒడ్డున ఉన్నవన్నీ ఇంజన్లు బిగించిన ఫైబర్ బోట్లే.

1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరిది! కానీ రైలు విజయనగరం మీదుగా పోయింది తప్ప ఇటు రాలేదు. 1933లో విశాఖ హార్బరు తెరిచాక ఓడలూ అటే మళ్లాయి. ఊరికి అది నష్టమే, కాదనను. నాకైతే ఆ నష్టం వల్లే ఈ పెంకుటిళ్లు, గంటస్తంభం, ఇద్దరు పక్కపక్కన నడవలేని ఈ సందులు మిగిలాయనిపించింది. ఇప్పుడు మున్సిపాలిటీ కూడా విశాఖ నగర పాలక సంస్థ జీవీఎంసీలో కలిసిపోయింది. బీచ్ రోడ్డు పొడవునా అపార్ట్‌మెంట్ల బోర్డులే.

సాయంత్రం గోస్తనీ నది సముద్రంలో కలిసేచోటికి నడిచాం. ఇసుకలో కాళ్లు చాపుకుని కూర్చున్న ఒక పెద్దాయన, వల అంచును కాలి బొటనవేలికి తగిలించి లాగిపట్టి, చిరిగిన కళ్లను ఒక్కొక్కటే ముడేస్తున్నాడు. వంజరం దొరుకుతుందా అని అడిగాం.

"పెద్దవన్నీ సిటీ హోటళ్లకే పోతాయి బాబూ. కవళ్లుంటాయి, పట్టుకెళ్లండి."

బేరమాడకుండా కొనుక్కున్నాం.